మంకెన్నకు వకాల్తా

మొన్న ఆదివారం ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు సంచీ కార్ట్‌లో వేస్తూ "ఇంట్లో పప్పు నిండుకుంది" అన్నాను. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఇక్కడే, అమెరికాలో ఈ ట్రాయ్ ఊళ్ళోనే పుట్టిన పిల్ల. నా వైపు అదోలా చూసి, "ఫుల్‌గా ఉంటే మళ్ళీ ఎందుకు కొంటున్నాం అమ్మా?" అంది. పక్కన దొండకాయలు ఏరుకుంటున్నావిడ ఫక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అయిపోయింది అనకూడదు తల్లీ, అంటే నిజంగానే అయిపోతుంది అని చెప్పబోయి నోరు మూసుకున్నాను. దీనికి జవాబు చెప్పాల్సిన మనిషి మా వీధిలోనే, మాకు నాలుగిళ్ళవతల ఉండేవారు. మార్చిలో పోయారు.

ఆయనైతే కార్ట్ పక్కకి నెట్టి, చూపుడువేలు పైకెత్తి, "దీని పుట్టుపూర్వోత్తరాలు చెప్తా విను" అనేవారు. లక్ష్మీదేవి వీధి వెంట నడిచి పోతూ ఉంటుందట. గుమ్మం దగ్గర ఆగి లోపలి మాట ఒక్కటే ఒక్కటి వింటుందట. ఆ ఒక్కటీ 'అయిపోయింది' అయితే, సరేలే అని పక్కింటికి పోతుందట. తానే ఆ వీధి అరుగు మీద కూచుని చూసినట్టు చెప్పేవారు. చెబుతూ చెబుతూ కుడిచేత్తో కుడిచెవి తమ్మె లాక్కున్నారంటే, అక్కడి నుంచి అబద్ధం మొదలైందని మాకందరికీ తెలుసు. ఆయనకి తప్ప.

ఆయన మత్తు డాక్టరు. యాభై ఏళ్ళ కింద వచ్చి, ఇక్కడి ఆపరేషన్ గదుల్లోనే జుట్టు నెరిపించుకుని రిటైరయ్యారు. అందరికీ డాక్టరంకులే. చలికాలంలో మంకీ క్యాప్, సాక్సుల మీద చెప్పులు. మత్తు ఎక్కేదాకా పేషెంటును మాటల్లో పెట్టడం తన పని అనీ, దానికి సామెతల కంటే మంచి మందు లేదనీ అనేవారు. తెలుగు సామెతలు అమెరికా వాళ్ళకీ, అమెరికా వాళ్ళ మాటలు మాకూ చెప్పడం ఆయన పద్ధతి. అసలు చిక్కేమిటంటే, ఆ కథల్లో దేనికీ చివర ఉండేది కాదు. "తర్వాతేమైంది అంకుల్?" అంటే, "ఏమో! అప్పటికి పేషెంటు నిద్రపోయాడు" అనేవారు. ఒళ్ళు మండేది నాకు.

నాకు ఒళ్ళు మండడం, భయం వెయ్యడం రెండే వచ్చు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, నా భయమూ అంతే. మా నాయనమ్మ పెంపకం అది. తథాస్తు దేవతలు నెత్తి మీదే తిరుగుతూ ఉంటారనీ, చెడ్డ మాట నోటి నుంచి జారితే చాలు తథాస్తు అనేస్తారనీ ఆవిడ నాకు అన్నంలో కలిపి పెట్టింది. "వెళ్తున్నాను" అంటే వీపు మీద ఒక్కటిచ్చేది, "వెళ్ళొస్తాను" అనమని. ఇంజనీరింగ్ చదివాను, ఇక్కడికొచ్చి మాస్టర్స్ చేశాను, కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఇప్పటికీ ఎవరికైనా జ్వరమంటే "ఒళ్ళు కాస్త వెచ్చబడింది" అనే అంటాను.

ఆయనతో నాకు పని పడింది నా డ్రైవింగ్ వల్ల. వచ్చిన కొత్తలో ఒక జనవరి పొద్దున సెవెంటీ ఫైవ్ ఫ్రీవే మీద మంచుకి కారు గిర్రున తిరిగి, వచ్చే బళ్ళకి ఎదురుగా ఆగింది. ఒక ట్రక్కు హారన్ కొట్టుకుంటూ నా అద్దానికి జానెడు దూరంలో పోయింది. నాకు గీత కూడా పడలేదు, కారుకీ పడలేదు. కానీ ఆ తర్వాత ఫ్రీవే ఎక్కే ర్యాంప్ చూస్తే చాలు, కారు పక్క రోడ్డులోకి తిప్పేసేదాన్ని. సిగ్నళ్ళ రోడ్డు పట్టుకుని గంటంబావు ఆఫీసుకి డ్రైవ్ చేసేదాన్ని. "అలవాటైపోతుందిలే" అనేవాడు మా ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. ఆ రిమోట్ పెట్టి కొట్టాలనిపించేది.

ఎవరింట్లోనో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఈ సంగతి నవ్వులాటగా చెప్పాను. అందరూ నవ్వారు. డాక్టరంకుల్ నవ్వలేదు. పేపర్ ప్లేట్ పక్కన పెట్టి, "ర్యాంప్ దగ్గరికి ఎన్నింటికి చేరతావు అమ్మాయ్?" అని అడిగారు.

"ఎనిమిది నలభైకి అంకుల్."

"రేపు ఎనిమిది నలభైకి ఫోన్ చేస్తా. స్పీకర్‌లో పెట్టు. నువ్వు మాట్లాడొద్దు, వింటూ పోనివ్వు."

చేశారు. మర్నాడూ చేశారు. ఆ తర్వాత నాలుగేళ్ళు, ఆఫీసున్న ప్రతి రోజూ చేశారు. సాయంత్రాలు మాత్రం సిగ్నళ్ళ రోడ్డు మీదే ఇంటికొచ్చేదాన్ని. ర్యాంప్ మొదట్లో సామెత, మెర్జ్ అయి ఫ్రీవే బళ్ళలో కలిసేటప్పటికి రాజుగారో దొంగో ఎవరో ఒకరు వచ్చేవారు. ట్రక్కుల మధ్య నేను స్టీరింగ్ గట్టిగా పట్టుకుని చెమటలు కక్కుతుంటే, ఆయన దీపం కొండెక్కడం గురించి చెబుతూ ఉండేవారు. పూర్వం ఊళ్ళో నూనె కరువైతే, ఆఖరున వెలిగే దీపాన్ని తలారి కొండ మీద గుడికి తీసుకుపోయేవాడట, అక్కడైనా ఆరకుండా ఉంటే పొద్దున్నే ఊరంతా దాన్నుంచి వెలిగించుకోవచ్చని. అందుకే దీపం ఆరింది అనరట, కొండెక్కింది అంటారట. ఇంటర్నెట్‌లో వెతికాను, అలాంటి తలారి ఎక్కడా లేడు. తిరిగొచ్చి నిలదీశాను. "నువ్వు దిగే ఎగ్జిట్ వచ్చిందా లేదా?" అన్నారు. వచ్చింది. "ఇంకేం మరి!"

కొన్ని కథలు భయం తగ్గించేవి కావు, పెంచేవి. సేవ్డ్ బై ద బెల్ అనే మాట సమాధుల్లోంచి వచ్చిందన్నారు ఒకసారి. పూర్వం బతికుండగానే పొరపాటున పాతిపెడతారని భయపడి, పెట్టెలోని మనిషి వేలికి దారం కట్టి పైన గంట కట్టేవారట. వారం రోజులు నాకు నిద్ర లేదు. చివరికి చదివితే అది బాక్సింగ్ మాటట. కోపం పట్టలేక చెప్పేశాను.

"బాక్సింగే అయుండొచ్చు," అన్నారు తాపీగా. "జనం మాత్రం గంట కథే నమ్ముతారు. ఎందుకో చెప్పు? ఏ సామెత తవ్వినా అడుగున ఎవడో భయపడ్డ మనిషి ఉంటాడే అమ్మాయ్. తుమ్మితే వీళ్ళు బ్లెస్ యూ అంటారా, గుండె ఆగిపోతుందని భయపడి మొదలుపెట్టారంటారు."

"ఆగుతుందా అంకుల్? మీరు డాక్టరు కదా."

"ఆగదు. ఆగుతుందనుకున్నవాడు పక్కవాణ్ణి చల్లగా ఉండమన్నాడు. నష్టమేముంది?"

అన్నిటికంటే ఆయనకి ప్రాణం మంకెన్న. శుభం పలకరా మంకెన్నా అంటే పెళ్ళికూతురు ముండ ఎక్కడుందీ అన్నాడట అని, నోటి దురుసు వాళ్ళని తిట్టడానికి మనమందరం వాడే సామెత. డాక్టరంకుల్ ఆ మంకెన్న తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. వాడు నోటి దురుసు వాడు కాదట. పెళ్ళికొడుకు పల్లకీ వెంట పరిగెత్తిన మనిషట. దారిలో పల్లకీలోకి పాము దూరింది. ఆ సంగతి మంకెన్న ఒక్కడికే తెలుసు. విడిదిలోకి వచ్చి రొప్పుతూ నోరు తెరవబోతే అందరూ వాడి మీద పడ్డారు, పెళ్ళివారిల్లు, ముందు శుభం పలుకు అని. పెళ్ళికొడుకు పోతే పిల్ల ముండమోస్తుందన్న భయంలో వాడికి వేరే మాట రాలేదు, ఆ మాటే వచ్చింది. ఊరంతా నవ్వింది.

"ఇప్పటికీ నవ్వుతున్నాం," అన్నారు ఆయన. "నవ్వినవాళ్ళలో ఒక్కడూ వెళ్ళి పల్లకీ తెర తీసి చూడలేదు."

చెవి తమ్మె లాక్కుంటున్నారో లేదో ఫోన్‌లో కనబడదు కదా.

కిందటేడాది కాక ముందేడు అక్టోబర్. ఒక మంగళవారం. ఎనిమిది నలభైకి ఫోన్ మోగింది. "మంకెన్న అని ఒకడు..." అని మొదలుపెట్టారు. ఆగారు. మళ్ళీ "మంకెన్న అని ఒకడు..." అన్నారు. మూడోసారి కూడా అదే అన్నారు. తర్వాత పల్లకీ అనాల్సిన చోట గొడుగు అన్నారు, పెళ్ళికూతురు అనాల్సిన చోటా గొడుగే. నేను నవ్వాను. "ఏంటంకుల్, ఇవాళ కొత్త వెర్షనా?" అన్నాను. "ఊఁ" అన్నారు. అంతే, ఫోన్ పెట్టేశారు. ఎగ్జిట్ వచ్చిందా అని అడక్కుండా ఆయన ఎప్పుడూ ఫోన్ పెట్టలేదు.

మీకేమైనా అయిందా అని తిరిగి ఫోన్ చేసి అడగాలి. మాట గొంతు దాకా వచ్చింది. పొద్దున్నే, నిక్షేపంగా ఉన్న మనిషిని పట్టుకుని, ఏమైనా అయిందా అని ఎలా అడగడం! ఆయన భార్యకి, ఆంటీకి చేద్దామా అంటే, శుభమా అని ఇంటి పనుల్లో ఉండే మనిషికి నేనేం చెప్పను, అంకుల్ మాట తేడాగా ఉందనా? నాయనమ్మ వీపు మీద ఒక్కటిచ్చినట్టయింది. ఏం కాదులే, ఏం కాదులే అని నాకు నేనే చెప్పుకుంటూ ఆఫీసులో మీటింగ్‌లో కూచున్నాను. నాలాంటి పిరికిది ప్రపంచంలో ఇంకొకతి ఉండదు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఆంటీ ఫోన్. "ఏం లేదమ్మా, అంకుల్‌కి కాస్త నలతగా ఉంది. నువ్వొకసారి వస్తావేమోనని."

నలత అన్న ఆ గొంతు విని కుర్చీలోంచి లేచాను. "ఆంటీ, కుడిచెయ్యి ఎత్తుతున్నారా?"

"అన్నం కలుపుతూ వాల్చేశారమ్మా. అబ్బే, అలాంటి మాటలు మాట్లాడకు."

"మూతి వంకరగా ఉందా ఆంటీ?"

"శుభం పలుకు తల్లీ!" అని అరిచింది ఆవిడ.

నేనే ఇక్కణ్ణుంచి నైన్ వన్ వన్‌కి చేసి అంబులెన్స్‌కి వాళ్ళ అడ్రస్ చెప్పాను. ఆ తర్వాత కారెక్కి, ఆ మంచు పొద్దున తర్వాత మొదటిసారి, ఫోన్‌లో ఎవరూ లేకుండా ఫ్రీవే ఎక్కాను. ఎలా ఎక్కానో, ఎలా దిగానో ఒక్క ముక్క గుర్తు లేదు.

ఎమర్జెన్సీలో ఆయన మంచం చుట్టూ జనం. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూసినట్టే ఉంది. ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఆంటీని అడుగుతోంది. చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారు? సరైన టైమ్ కావాలి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే మందు ఉంది, మొదలై నాలుగున్నర గంటల్లోపైతేనే ఇస్తాం. గడువు దాటాక ఇస్తే తలలో రక్తస్రావం అయి ప్రాణానికే ప్రమాదం.

"వన్ ఓ క్లాక్," అంది ఆంటీ. "లంచ్ దాకా హీ వాజ్ పర్ఫెక్ట్లీ ఆల్ రైట్." ఆవిడ అబద్ధం ఆడలేదు. పొద్దున్నంతా ఆయన పేపర్ ముందు పెట్టుకుని ఊఁ, ఆఁ అంటూ కూచున్నారట. ఆవిడకి అంతా శుభంగానే కనబడింది.

డాక్టరమ్మ నర్సు వైపు తిరిగి ఆ మందు సిద్ధం చెయ్యమంది.

ఒంటిగంటకి కాదు. ఎనిమిది నలభైకి. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. చెబితే మందు ఆపేస్తారు. ఆపాక ఆయనకి ఏమన్నా అయితే, నా నోరే కారణం. చెప్పకపోతే మందు పడుతుంది, అప్పుడేమన్నా అయితే నా మౌనం కారణం. పైగా చెబితే ఇంకోటి కూడా బయటపడుతుంది, పొద్దున్నే విని కూడా నోరు మూసుకున్నానని. నర్సు చేతిలో సూది మందు తయారవుతోంది.

"నో," అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాను. "ఇట్ స్టార్టెడ్ ఎట్ ఎయిట్ ఫార్టీ. నాతో ఫోన్‌లో మాట్లాడారు. హిజ్ వర్డ్స్ వర్ రాంగ్. ఐ హర్డ్ ఇట్."

గదిలో చేతులన్నీ ఆగాయి. డాక్టరమ్మ నన్ను రెండుసార్లు అడిగింది, కచ్చితంగానా అని. రెండుసార్లూ ఔనన్నాను. నర్సు ఆ మందు పక్కన పెట్టేసింది.

"నీకేం తెలుసే!" అంది ఆంటీ నా భుజం పట్టుకుని. "ఇస్తామంటున్న మందు ఆపుతావా? నీకేం తెలుసే?"

మందు బదులు ఇంకో స్కాన్ తీసి, తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం మెదడు దాకా పంపి గడ్డని లాగుతామన్నారు. ఏ సంగతీ ముందే చెప్పలేమన్నారు. మంచం తోసుకుపోతుంటే పక్కనే నడిచాను. జీవితమంతా జనాన్ని మాటల్లో పెట్టి ఇలాంటి తలుపుల్లోంచి లోపలికి పంపిన మనిషి. ఆయనకి చెప్పడానికి నాకు ఒక్క సామెత గుర్తుకు రాలేదు.

బతికి బట్టకట్టారు. ఆ మాటకీ ఆయన దగ్గర ఒక కథ ఉండేది. పూర్వం పురిటి బిడ్డకి పదకొండో రోజు దాకా బట్ట తొడిగేవారు కాదట, ఉంటుందో పోతుందోనన్న భయంతో. కానీ కుడి చెయ్యి రాలేదు. మాట చాలా వరకు పోయింది. వచ్చిన మాటలు ఒక్కొక్కటీ బావిలోంచి తోడినట్టు వచ్చేవి. ఆంటీ నాకు కాఫీ ఇచ్చేది, కూచోమనేది, కానీ నా మొహంలోకి చూసేది కాదు. ఒకసారి మాత్రం వంటింట్లో అటు తిరిగి గిన్నె తోముతూ, "ఆ రోజు ఆ మందు పడుంటే మాట నిలిచేదేమోనమ్మా, ఎవరో డాక్టరే అన్నారు" అంది. నేను కాఫీ తాగలేకపోయాను.

మరుసటి వేసవిలో ఒక శనివారం ఆంటీ ఫార్మసీకి వెళ్ళినప్పుడు, ఆయన కుర్చీ దగ్గర నేల మీద కూచుని అంతా చెప్పేశాను. అంకుల్, పొద్దున్నే నాకు తెలిసింది. భయపడి అడగలేదు. అప్పుడే అడిగుంటే ఆ మందు టైమ్‌కి పడేది. తర్వాత అక్కడ దాన్ని ఆపిందీ నేనే. రెండూ నేనే చేశాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. కోపం వచ్చిందనుకున్నాను, రావాలి కూడా. తర్వాత పెదవులు కదిలాయి.

"మందు... ఇచ్చుంటే..." ఆగి ఊపిరి తీసుకున్నారు. "పోయేవాణ్ణి."

ఏడ్చేశాను. ఏడుస్తూనే ఆయన మొహంలోకి చూశాను, నిజంగా అంటున్నారా, నన్ను మాటల్లో పెడుతున్నారా అని. కుడి చెయ్యి దుప్పటి మీద కదలకుండా పడుంది. చెవి తమ్మె పట్టుకోవడానికి ఆ చెయ్యి లేవదు. ఆ తలారి ఎంత నిజమో ఈ మాటా అంతే నిజమేమో. వైద్యుడిగా అన్నారా, అంకుల్‌గా అన్నారా? ఈ రోజు దాకా నాకు తెలియదు. తెలియకపోవడంతోనే బతుకుతున్నాను, హాయిగా మాత్రం కాదు.

ఈ మార్చిలో పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి చెయ్యగలిగింది లేదన్నారు, ఇంటికే తెచ్చుకున్నారు. ఒక పొద్దున పదింటికి, చివరి రోజుల్లో చూసుకోవడానికి వచ్చే హాస్పిస్ నర్సు ఆయన ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి, చాలాసేపు విని, తీసేసి ఆంటీ చెయ్యి పట్టుకుంది. తల ఊపింది. ఆంటీ దుప్పటి సరిచేసింది. మంచం పక్కన నీళ్ళ గ్లాసు తీసి సింక్‌లో పెట్టింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఎవరో వస్తారని ఇల్లు సర్దుతున్నట్టు తిరిగింది. నాకు ఆవిణ్ణి చూస్తేనే భయం వేసింది.

తర్వాత తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. స్క్రీన్ మీద దూరంగా ప్లేనో ఊళ్ళో ఉండే కొడుకు నంబర్. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూసింది.

"ఆ రోజు ఉన్నది ఉన్నట్టు చెప్పిందానివి నువ్వొక్కదానివే," అంది. "ఇవాళా నువ్వే చెప్పమ్మా. నా నోటితో నేను అనలేను."

రింగ్ అవుతోంది. మనవాళ్ళు ఇలాంటప్పుడు ఏమంటారో నాకు తెలుసు. సీరియస్‌గా ఉంది, ఉన్నపళాన బయల్దేరు అంటారు. ఆ మాట నా నాలిక మీద సిద్ధంగా ఉంది. అలా అంటే ఆ అబ్బాయి విమానంలో ఉన్నంతసేపూ తండ్రి బతికే ఉంటాడు.

"అమ్మా? నాన్న ఓకేనా?"

"అమ్మ కాదు, నేను," అని నా పేరు చెప్పాను. "నాన్నగారు చనిపోయారు. పది నిమిషాలైంది."

"ఆర్ యూ ష్యూర్?" అన్నాడు చిన్నపిల్లాడి గొంతుతో.

"ఔను," అన్నాను.

నా వెనక ఆంటీ నేల మీదికి జారిపోయి, గుండెలు బాదుకుంటూ పెద్దగా ఏడిచింది. నేనా మాట అనేదాకా ఆవిడ ఏడవలేదు.